పలకడు, కదలడు, ముద్ద మింగడు: క్యాటటోనియా అనుమానం వస్తే మొదటి గంటలో ఏం చేయాలి?

అనకాపల్లి_జీపీ
చిన్న నర్సింగ్ హోముల్లో, పీహెచ్‌సీల్లో పనిచేసేవాళ్లకు పనికొస్తుందని ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నాను. మూడు నాలుగు రోజులుగా మంచం దిగని మనిషిని ఆటోలో తెస్తారు. పలకరిస్తే పలకడు, నోట్లో ముద్ద పెడితే బుగ్గనే ఉంచుకుంటాడు. వెంట వచ్చినవాళ్లలో సగం మంది గాలి సోకిందంటారు, మిగతా సగం నాటకాలంటారు. బీపీ, షుగర్ బాగానే ఉంటాయి. ఎవరో ఒకరు మతిభ్రమకి వాడే హాలోపెరిడాల్ ఇంజెక్షన్ పొడుస్తారు, అక్కడి నుంచి పరిస్థితి ఇంకా చెడుతుంది. మంచం పక్కన ఏం చూడాలి, ఏ మందు ఎంత ఇవ్వాలి, ఎప్పుడు వైజాగ్ పంపాలి? సైకియాట్రీవాళ్లు వివరంగా రాయగలరా?

వాల్తేరు_సైకియాట్రీ
రాస్తాను సార్. మీరు చెప్పినది క్యాటటోనియా, అంటే మనిషి కదలిక, మాట, స్పందన దెబ్బతినే స్థితి కావచ్చు. ముందు ఒక పాత తప్పు సర్దుకుందాం. క్యాటటోనియా అంటే స్కిజోఫ్రీనియాలో ఒక రకం అని చాలామందికి చదువుకునే రోజుల నుంచి మనసులో ఉండిపోయింది. జర్మన్ వైద్యుడు కాల్‌బామ్ 1874లో దాన్ని వర్ణించినప్పుడు అలా అనలేదు. తర్వాత క్రెపెలిన్ ఆ గూటిలో పెట్టాడు, అది అక్కడే చాలాకాలం ఉండిపోయింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక ఐసీడీ-11లో దానికి విడిగా చోటుంది. వార్డులో తరచుగా కనిపించేది తీవ్రమైన డిప్రెషన్, బైపోలార్ ఉన్నవాళ్లలోనే. జ్వరాలు, మెదడువాపు, మందులు, మందులు ఆపడం, ఇవన్నీ కూడా తెస్తాయి. కాబట్టి ‘పాత మానసిక రోగం లేదు కదా’ అని పక్కన పెట్టకండి.

గుర్తించడానికి స్కానింగ్ అక్కర్లేదు. అమెరికా మానసిక వైద్యుల గ్రంథం డీఎస్‌ఎం-5లో చెప్పిన 12 లక్షణాల్లో 3 ఉంటే చాలు: స్తబ్ధత, పెట్టిన భంగిమలోనే ఉండిపోవడం, మైనంలా వంగడం, మాట్లాడకపోవడం, చెప్పినదానికి ఎదురు తిరగడం లేదా అసలు స్పందించకపోవడం, తనంతట తాను వింత భంగిమ పట్టడం, మామూలు పనినే విచిత్రంగా చేయడం, అర్థం లేని కదలికను పదే పదే చేయడం, కారణం లేని ఉద్రేకం, ముఖం వికారంగా పెట్టడం, మన మాటనే తిప్పి పలకడం, మన చేష్టనే తిరిగి చేయడం.

మంచం పక్కన పరీక్షకు బుష్-ఫ్రాన్సిస్ స్కేలు వాడతాం. మొత్తం 23 అంశాలు, మొదటి 14 స్క్రీనింగ్‌కి. వాటిలో రెండు కనిపించినా అనుమానం బలంగా ఉన్నట్టే. ఐదు పది నిమిషాల్లో అయిపోతుంది. ఇలా చేయండి.

మాట కలపడానికి ప్రయత్నిస్తూ కాసేపు చూడండి. మీ తల మీరు బాగా కనబడేలా గోక్కోండి, అతనూ గోక్కుంటాడేమో చూడండి. చెయ్యి పట్టుకుని మోచేతి దగ్గర వంచి చాచండి, ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా. మీరు బలం పెంచేకొద్దీ ఎదురు బలం పెరుగుతుంటే గుర్తుపెట్టుకోండి. చెయ్యి పైకెత్తి వదిలేయండి, గాల్లోనే ఉంటుందేమో చూడండి. తర్వాత చెయ్యి చాచమని, అరచేతి కింద ఒక్క వేలు పెట్టి ‘నేను ఎత్తుతాను, ఎత్తనివ్వకండి’ అనండి. వద్దన్నా వేలి మీద చెయ్యి తేలిపోతుంటే అది మిట్‌గేహెన్. ‘నాకు షేక్‌హ్యాండ్ ఇవ్వొద్దు’ అంటూ మీ చెయ్యి చాచండి. అతని చెయ్యి సగం వచ్చి ఆగి, వెనక్కి పోయి, మళ్లీ వస్తుంటే అది ద్వంద్వ స్థితి. జేబులో చెయ్యి పెట్టి ‘నాలుక బయటపెట్టు, సూది గుచ్చుతాను’ అంటే నాలుక బయటపెడితే అది యాంత్రిక విధేయత. దిండు తీసేసినా తల మంచానికి ఆనకుండా నాలుగు వేళ్ల ఎత్తులో నిలబడటం మరో ఆనవాలు.

చివరిగా చార్టు చూడండి: ఎంత తాగాడు, ఎంత మూత్రం పోశాడు, నాడి, టెంపరేచర్. మీరు గదిలో లేనప్పుడు ఎలా ఉన్నాడో కిటికీలోంచి చూడటం కూడా పరీక్షలో భాగమే.

మహారాణిపేట_పీజీ
ఒక మాట కలుపుతాను. క్యాటటోనియా అంటే ఎప్పుడూ కదలక పడుకోవడమే కాదు. ఉద్రేక రూపంలో గంటల తరబడి గది చుట్టూ తిరుగుతూ, ఒకే వాక్యాన్ని వందసార్లు అంటూ, ఉన్నట్టుండి దూకుతారు. దాన్ని మేనియా అనుకుని హాలోపెరిడాల్, ప్రొమెథాజైన్ ఇచ్చేస్తారు. ఒకే మనిషి మధ్యాహ్నం రాయిలా పడుకుని రాత్రి పరుగెత్తవచ్చు. ఈ మార్పే పెద్ద ఆనవాలు.

న్యూరో_సిరిపురం
స్కేలు బాగుంది, కానీ అది కారణం చెప్పదు. మా వైపు నుంచి కొన్ని.

జ్వరం ఉందా? పాడేరు, అరకు, చింతపల్లి వైపు నుంచి వస్తే ఫాల్సిపారం మలేరియాకి ర్యాపిడ్ టెస్టు, స్మియర్ వెంటనే. టైఫాయిడ్ రెండో మూడో వారంలో క్యాటటోనియాలా కనిపించగలదు. మెడ బిగుసుకుంటే నడుం నీరు తీయాలి.

కళ్లు తెరిచి చూస్తున్నాడు కానీ పలకడు, అప్పుడప్పుడు కనురెప్ప, పెదవి చిన్నగా కొట్టుకుంటుంటే, ఫిట్స్ లేని ఫిట్స్ స్థితి, అంటే నాన్ కన్వల్సివ్ స్టేటస్ అనుమానించాలి. ఈఈజీ ఒక్కటే తేలుస్తుంది. క్యాటటోనియాకి మొదట ఇచ్చే లోరాజిపామ్ మందుకి అదీ తగ్గుతుంది కాబట్టి మందుకి స్పందన వచ్చిందని మాత్రమే ‘మానసికం’ అని ముద్ర వేయకండి.

యువతుల్లో మొదటిసారిగా వారాల్లో వచ్చిన మతిభ్రమ, తర్వాత నోటి దగ్గర వింత కదలికలు, ఫిట్స్, బీపీ ఎగుడుదిగుడులు, ఆ తర్వాత స్తబ్ధత: ఈ వరస కనిపిస్తే యాంటీ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌కెఫలైటిస్ అనుమానించాలి, అంటే ఒంట్లోని యాంటీబాడీలే మెదడు మీద దాడి చేసే వాపు. వెన్ను నీటిలో యాంటీబాడీ, అండాశయ టెరటోమా కోసం అల్ట్రాసౌండ్ చేయించండి. తేలితే స్టీరాయిడ్ పల్స్, ఐవీఐజీ లేదా ప్లాస్మా ఎక్స్‌చేంజ్, గడ్డ ఉంటే తీసేయడం. మిగతావాటిలో: యువకుల్లో వణుకు, కామెర్లు ఉంటే ఒంట్లో రాగి పేరుకునే విల్సన్స్ వ్యాధికి సెరులోప్లాస్మిన్ పరీక్ష, వయసు మళ్లినవాళ్లలో సోడియం, థైరాయిడ్, సబ్‌డ్యూరల్ రక్తం.

అనకాపల్లి_జీపీ
బాగుంది. ఇక మందు సంగతి. చేతిలో లోరాజిపామ్ ఉంది, ఎంతిచ్చి ఎంతసేపు చూడాలి? చాలాచోట్ల 2 ఎంజీ ఇచ్చి కదల్లేదని వదిలేస్తారు.

వాల్తేరు_సైకియాట్రీ
అక్కడే చాలామంది ఆగిపోతారు. పద్ధతి ఇది. ఇవ్వకముందు స్కేలు నింపండి, లేకపోతే తర్వాత ‘కాస్త నయమనిపించింది’ అన్న మాటే మిగులుతుంది. లోరాజిపామ్ 1 నుంచి 2 ఎంజీ ఐవీ, సమాన పరిమాణంలో సెలైన్ కలిపి నెమ్మదిగా, నిమిషానికి 2 ఎంజీ దాటకుండా. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ పరీక్ష. మార్పు లేకపోతే మరో డోసు, మళ్లీ పరీక్ష. లైను దొరక్కపోతే కండలోకి, అప్పుడు 15 నుంచి 30 నిమిషాలు ఆగాలి. మాత్ర అయితే అరగంట. స్కోరు సగానికి పడితే స్పందన వచ్చినట్టే. నిద్రపోతే ఏమీ తేలలేదని అర్థం, లేచాక మళ్లీ చూడండి.

స్పందన రాకపోయినా క్యాటటోనియా కాదని తేల్చకూడదు. ఆ పరీక్ష రోగిని నమ్మించడానికి కాదు, మనకు దారి చూపడానికి. తర్వాత రోజుకి 3 నుంచి 6 ఎంజీతో మొదలుపెట్టి మూడు పూటలు చేసి, రోజూ పెంచుకుంటూ 8, 12, 16 దాకా వెళ్లాలి. కొందరికి 24 ఎంజీ అవసరమవుతుంది. మత్తు ముంచుకొస్తే, శ్వాస తగ్గితే ఆగండి. మత్తు లేకుండా లక్షణాలు ఉంటే డోసు చాలలేదని అర్థం. ఇంత మోతాదు రాస్తుంటే చెయ్యి వణుకుతుంది, కానీ 2 ఎంజీలో ఆపి వారం పాటు పేషెంటుని పడుకోబెడితే, శ్వాస ఆగుతుందన్న భయంకంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదమే ముందు వస్తుంది.

ఇచ్చే చోట ఆక్సిమీటరు, ఆక్సిజన్, బ్యాగ్-మాస్క్ దగ్గరుంచుకోండి. నిద్రలో గురక, ఊపిరితిత్తుల జబ్బు, ఓపియాయిడ్లు, మద్యం, వీటి విషయం ముందే అడగాలి.

డాబాగార్డెన్స్_ఫార్మసీ
షాపు వైపు సంగతి. ఇంజెక్షన్ మామూలుగా ఎంఎల్‌కి 2 ఎంజీ. 1 ఎంఎల్ యాంప్యూల్ ఉంది, 2 ఎంఎల్ కూడా ఉంది. ‘ఒక యాంప్యూల్’ అని నోటితో చెప్తే 2 ఎంజీ పోతుందో 4 ఎంజీ పోతుందో తెలియదు. ఎంజీల్లోనే చెప్పండి, లేబుల్ చూడండి. ఇది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక రోజుల తరబడి కరెంటు లేని ఊరు మనది. తుపాను హెచ్చరిక వచ్చిందంటే ఐస్ ప్యాకులు, స్టాకు లెక్క ముందే చూసుకోవాలి.

మాత్రలు 1, 2 ఎంజీ ఎక్కడైనా దొరుకుతాయి. నోరు మూసుకున్నవాళ్లకు నాలుక కింద పెట్టొచ్చు, అయితే నోరు ఎండిపోతే కరగదు, ముందు తడపాలి. బయటకి ఉమ్మేశారేమో, బుగ్గలో దాచారేమో రెండు నిమిషాల తర్వాత చూడాలి. చీటీ మీదే అమ్మాల్సిన మందు కాబట్టి చీటీ లేకుండా అడగొద్దు. రోజుకి 12 ఎంజీ రాస్తే మా కుర్రాళ్లు పొరపాటనుకుంటారు. చీటీ మీద ‘క్యాటటోనియాకి’ అని ఒక్క మాట రాసిపెడితే ఫోనులు తప్పుతాయి.

భీమిలి_కెరటం
నేను డాక్టరుని కాదు, ఇంట్లో ఇలాంటి మనిషిని చూసుకునేవాళ్ల తరఫున అడుగుతున్నాను. తిననప్పుడు మూతి విప్పి పోయాలా? అంతసేపు ఏం మాట్లాడకపోతే వినబడుతుందా?

వార్డు_సిస్టరు
పోయొద్దండి. మింగే పని సరిగా లేకపోతే గంజి, పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. లోరాజిపామ్ ఇచ్చిన అరగంటకి చాలామంది కాస్త మెలకువలోకి వస్తారు. ఆ సమయంలో కూర్చోబెట్టి చెంచాతో చిక్కటి జావ పెట్టండి, ప్రతి చెంచాకి గొంతు కదిలిందో లేదో చూడండి, అయ్యాక బుగ్గలు వేలితో తడిమి ఖాళీ చేయండి. ఒక రోజంతా లోపలికి ఏమీ వెళ్లకపోతే ఆసుపత్రికి తీసుకురావాలి. అక్కడ ముక్కుగొట్టం వేయడమో, సెలైన్ పెట్టడమో డాక్టర్లు నిర్ణయిస్తారు.

వినబడుతుంది, చాలామందికి తర్వాత గుర్తుంటుంది కూడా. పక్కన నిలబడి ‘దీని నాటకాలు’ అనొద్దు. ఏం చేయబోతున్నారో ముందే చెప్పి ముట్టుకోండి.

వార్డు పని ఇంకా చెప్తాను. పక్కకి రెండు గంటలకోసారి తిప్పాలి. తోక ఎముక, మడమలు, మోచేతుల దగ్గర ఎర్రబడిందా రోజూ చూడాలి. రెప్ప వేయకపోతే కన్ను ఎండి పుండు పడుతుంది, కృత్రిమ కన్నీటి చుక్కలు పూట పూటకీ వేయాలి. పొత్తికడుపు గట్టిగా ఉబ్బితే, ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోతే క్యాథెటర్ గురించి అడగాలి. పిక్క చుట్టుకొలత రెండు కాళ్లకీ టేపుతో తీసి రాసుకోండి, మూడు సెంటీమీటర్లకు మించి తేడా వస్తే డాప్లర్ (రక్తనాళాల స్కాన్) అడగండి. కీళ్లు బిగుసుకోకుండా పూటకి రెండుసార్లు మెల్లగా ఆడించాలి. మన ఎండాకాలం ఉక్కపోతలో చెమటకి పోయే నీరు ఎవరూ లెక్కపెట్టరు. నీళ్లెంత లోపలికి పోయాయి, మూత్రం ఎంత వచ్చింది, రెండూ రాయాలి.

మహారాణిపేట_పీజీ
సిస్టరు గారు చెప్పినదానికి రెండు. పేషెంటు పది రోజులుగా తినకపోతే ఒక్కసారిగా గ్లూకోజ్, ఫీడ్స్ తోస్తే ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయి. ముందు థయమిన్ 200 నుంచి 300 ఎంజీ, తర్వాతే గ్లూకోజ్. కేలరీలు కిలోకి 10తో మొదలుపెట్టి, లవణాలు రోజూ చూస్తూ పెంచాలి. రెండోది, రక్తస్రావ ప్రమాదం లేకపోతే, రక్తం గడ్డకట్టకుండా ఎనాక్సాపారిన్ 40 ఎంజీ రోజుకోసారి చర్మం కింద. కిడ్నీ పనితీరు చూసుకోవాలి.

న్యూరో_సిరిపురం
హాలోపెరిడాల్ లాంటి యాంటీసైకోటిక్ మందుల గురించి ఎవరూ గట్టిగా అనలేదు, నేను అంటాను. ఇవ్వకండి.

కాలింగ_సందేహం
అంత కరాఖండిగా వద్దు సార్. భ్రమలతో ఉన్నవాళ్లు అసలు మందే లేకుండా వారాలు ఉంటే? స్కిజోఫ్రీనియా మందు ఆపడం వల్లే క్యాటటోనియా వచ్చినవాళ్లూ ఉన్నారు. క్లోజపిన్ ఒక్కసారి ఆపేస్తే అలా వస్తుంది. దాన్ని తిరిగి మొదలుపెట్టాలి కదా.

వాల్తేరు_సైకియాట్రీ
ఇద్దరిదీ నిజమే, వేర్వేరు దశల్లో. మొదటి రోజుల్లో హాలోపెరిడాల్ లాంటివి ఇస్తే ఎన్‌ఎంఎస్‌కి దారి తీయవచ్చు. అది ఈ మందుల వల్ల వచ్చే ప్రాణాపాయ స్థితి, అంటే జ్వరం, గొట్టంలాంటి బిగుసుదనం, చెమట, బీపీ ఎగుడుదిగుడులు, కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే వేలల్లో. కాబట్టి క్యాటటోనియా తగ్గేదాకా ఆపి, లోరాజిపామ్, నీరు, కారణం మీద పని చేయాలి. తర్వాత భ్రమలు మిగిలితే లోరాజిపామ్ కొనసాగిస్తూనే అరిపిప్రజోల్ లేదా తక్కువ మోతాదు ఒలాంజపైన్ మెల్లగా. మొదలుపెట్టకముందు సీరం ఐరన్ చూడండి. అది తక్కువుంటే ఎన్‌ఎంఎస్ ప్రమాదం ఎక్కువ. క్లోజపిన్ ఆపి 48 గంటలు దాటితే పాత డోసు తిరిగి వేయకూడదు, 12.5 ఎంజీ నుంచే. బెంజో (లోరాజిపామ్ కుటుంబపు) మాత్రలు హఠాత్తుగా ఆపినా క్యాటటోనియా వస్తుంది, ఇంటివాళ్లని ఆ సంగతి విడిగా అడగండి.

జ్వరం 100.4 దాటి, నాడి, బీపీ ఊగుతుంటే దాన్ని మాలిగ్నెంట్ క్యాటటోనియా అంటాం. స్టౌడర్ 1934లో దాన్ని ప్రాణాంతక క్యాటటోనియాగా వర్ణించాడు. అప్పుడు గంటలే ఉంటాయి. ఐసీయూ, చల్లబరచడం, అధిక మోతాదు లోరాజిపామ్, ఆలస్యం లేకుండా ఈసీటీ. ఎన్‌ఎంఎస్ అయితే కారకమైన మందు ఆపి, బ్రోమోక్రిప్టిన్, డాంట్రోలిన్ కూడా ఆలోచిస్తాం. డిప్రెషన్‌కి వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు, నొప్పి మందు ట్రామడాల్ కలిపి వాడుతున్న మనిషికి విరేచనాలు, పాదం కొట్టుకోవడం, జోరుగా రిఫ్లెక్సులు ఉంటే సెరొటోనిన్ సిండ్రోమ్, దాని దారి వేరు.

ఇలాంటి కేసు అనకాపల్లి నుంచి నేరుగా చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి కాదు, 108లో వైజాగ్ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి వెళ్లాలి. జ్వరమూ, బిగుసుదనమూ ఉన్నవాడికి కావాల్సింది ముందు ఐసీయూ, ల్యాబు. జ్వరం లేకుండా, తిండి నీరు కాస్తయినా పోతుంటే మానసిక ఆసుపత్రి బాగానే ఉంటుంది.

భీమిలి_కెరటం
ఈసీటీ అంటే కరెంటు షాకులు కదా? ఇంట్లోవాళ్లు భయపడి తీసుకుపోతారు.

మత్తు_డాక్టరు
ఈసీటీని ఇప్పుడు మత్తు లేకుండా చేయడం 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 95 కింద నేరం. రోగి నిద్రపోతాడు, కండరాలు సడలుతాయి, కాలి వేలు కాస్త కదలడమే కనిపిస్తుంది. క్యాటటోనియాలో దీని ఫలితం చాలా బాగుంటుంది. లోరాజిపామ్ కొన్ని రోజులు తగినంత వాడినా కదలకపోతే, మాలిగ్నెంట్ అయితే వెంటనే, రెండు వైపులా ఎలక్ట్రోడ్లు పెట్టి వారానికి మూడుసార్లు, ప్రాణాపాయమైతే రోజూ.

మా వైపు నుంచి జాగ్రత్త ఒకటి, దాన్ని ఎవరూ రాయరు. చాలా రోజులు కదలకుండా పడుకున్న మనిషికి కండరాలు సడలించే సక్సామిథోనియం ఇస్తే పొటాషియం హఠాత్తుగా పెరిగి గుండె ఆగొచ్చు. సీపీకే, పొటాషియం ముందే చూడాలి. అనుమానం ఉంటే బదులుగా రోకురోనియం, తర్వాత దాని ప్రభావం తీసేయడానికి సుగమ్మడెక్స్. రెండోది, రాత్రి లోరాజిపామ్ డోసు పొద్దున ఈసీటీతో రావాల్సిన ఫిట్‌ని అణిచేస్తుంది. ఉదయం డోసు ఆపడం లేదా మత్తు ఇచ్చాక ఫ్లుమాజెనిల్‌తో వెనక్కి తిప్పడం మా పద్ధతి. ఫిట్ 20 నుంచి 25 సెకన్లయినా రాకపోతే కరెంటు మోతాదు పెంచుతాం. ఆరు గంటల ఉపవాసం తప్పనిసరి. అయితే ఈ రోగులు బుగ్గలో అన్నం దాచుకుంటారు కాబట్టి థియేటరు గుమ్మం దగ్గర మళ్లీ నోరు చూడండి.

కాలింగ_సందేహం
చట్టం సంగతి కూడా ఎవరైనా స్పష్టంగా చెప్పండి. సమ్మతి ఇచ్చే స్థితిలో లేని రోగికి?

మహారాణిపేట_పీజీ
అదే చట్టం సెక్షన్ 94 కింద ఏ డాక్టరైనా అత్యవసర చికిత్స 72 గంటల వరకూ ఇవ్వొచ్చు, నామినేటెడ్ రిప్రజెంటేటివ్ (రోగి తరఫున నిర్ణయించే మనిషి) దొరికితే సమ్మతి తీసుకోవాలి. కానీ అదే సెక్షన్ ఈసీటీని మినహాయించింది. అందుకని ఈసీటీ చేయాలంటే ముందు సెక్షన్ 89 కింద అడ్మిట్ చేసి, నామినేటెడ్ రిప్రజెంటేటివ్ సమ్మతితో చేస్తారు. మైనరైతే సంరక్షకుడి సమ్మతితోపాటు మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డు ముందస్తు అనుమతి. ఈ కాగితం పనికి సమయం పడుతుంది, కాబట్టి మాలిగ్నెంట్ అనుమానం రాగానే ఈసీటీ వార్డుకి ముందే ఫోను చేయడం మంచిది. మాట్లాడటానికి ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416.

వాల్తేరు_సైకియాట్రీ
లోరాజిపామ్ చాలనిచోట, ఈసీటీ ఆలస్యమయ్యేచోట అమాంటడిన్ 100 ఎంజీతో మొదలుపెట్టి రోజుకి 400 వరకూ, లేదా మెమాంటిన్ 10 నుంచి 20 ఎంజీ. నోటి ద్వారా తీసుకోగలవాళ్లకి జోల్పిడెమ్ 10 ఎంజీతో కూడా పరీక్ష చేస్తారు, అరగంటలో కొందరు మాట్లాడతారు, కొన్ని గంటల్లో మళ్లీ స్తబ్ధత. ఏళ్ల తరబడి నడిచే స్కిజోఫ్రీనియాలోని క్యాటటోనియా వీటన్నిటికీ మొండిగా ఉంటుంది, అక్కడ క్లోజపిన్, ఈసీటీ కలిపి ఆలోచించాలి. ఆటిజం పిల్లల్లో కొత్తగా నెమ్మదించడం, గడప దగ్గర ఆగిపోవడం, చెంచా సగంలో ఆగిపోవడం కనిపిస్తే ‘ఆటిజమే కదా’ అనుకోకుండా ఈ స్కేలు వేయండి.

బాగయ్యాక లోరాజిపామ్ ఒక్కసారి ఆపొద్దు. కారణం చికిత్స స్థిరపడేదాకా ఉంచి, వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించాలి. తగ్గించే దశలో మాట తడబడినా, ముద్ద ఆలస్యమైనా, మునుపటి మోతాదుకి వెనక్కి వెళ్లాలి.

అనకాపల్లి_జీపీ
చివరిగా, రిఫరల్ చీటీ మీద ఏం రాస్తే మీ పని తగ్గుతుంది?

వాల్తేరు_సైకియాట్రీ
మొదలైన రోజు, చివరిగా తిన్న, మూత్రం పోసిన సమయం. కనిపించిన లక్షణాల పేర్లు. ఊరికే ‘రెస్పాన్స్ లేదు’ అనొద్దు. టెంపరేచర్, నాడి, బీపీ రెండుసార్లు. ఇచ్చిన మందు, ఎంజీ, టైము, అంతకుముందు తర్వాత స్కోరు. పాత మందుల పేర్లు, ఎప్పుడు ఆపారు. ఇంటివాళ్లని అడిగి ఫోనులో ఒక నిమిషం వీడియో కూడా. ఆసుపత్రి చేరేసరికి మనిషి మారిపోయి ఉండొచ్చు.

డాబాగార్డెన్స్_ఫార్మసీ
ఇచ్చిన యాంప్యూల్ ఖాళీ సీసా కూడా సంచిలో వేసి పంపండి, బ్యాచ్ నంబరుతో సహా.